మంగళవారం గాలి

అమెరికా వెళ్ళి ఏం చూసొచ్చావని అడిగినవాళ్ళకి గాలి చూసొచ్చానని చెబుతున్నాను. ముందు నవ్వుతారు. తర్వాత ఎత్తయిన మేడల గురించీ, పెద్ద జలపాతం గురించీ అడుగుతారు. అవేవీ నేను చూడలేదు. ఎనభైల చివర ఒక వేసవిలో రెండు నెలల సెలవు పెట్టి మా అక్కయ్య ఇంటికి వెళ్ళాను. అందులో చెప్పుకోదగ్గ ప్రయాణం ఒక్కటే చేశాను. టెక్సస్ నుంచి పసిఫిక్ సముద్రం దాకా కారులో, గాజు బుడ్డీల్లో గాలి పట్టడానికి. వెళ్ళనివాళ్ళకి ఇందులో పనికొచ్చేది ఉందో లేదో గాని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా సంగతి కూడా ఒక ముక్క చెప్పాలి. గోదావరి దగ్గర ఒక థర్మల్ స్టేషన్‌లో బాయిలర్ ఇంజనీర్‌ని. అప్పటికి ఇరవై ఆరేళ్ళుగా బొగ్గు కాలుస్తున్నాను. ఈ మాట ఎక్కడైనా కాస్త ఛాతీ విరుచుకునే చెప్పేవాణ్ణి.

ఇర్వింగ్

మా అక్కయ్యా బావగారూ ఉండేది డల్లాస్ పక్కన ఇర్వింగ్‌లో. నేను దిగిన రోజు బయట రామగుండం ఎండ. ఇంట్లో అడుగుపెడితే ఊటీ. అక్కయ్య స్వెట్టర్ వేసుకుని వంకాయలు తరుగుతోంది.

"చలేస్తే ఆ ఏసీ మెషిన్ తగ్గించుకోవచ్చుగా అక్కా" అన్నాను.

"తగ్గిస్తే మీ బావకి ఉక్కపోస్తుందిరా. స్వెట్టర్ వేసుకుంటే ఇద్దరికీ గొడవ ఉండదు" అంది.

అన్నిటికంటే నన్ను ఆశ్చర్యపెట్టినవి బట్టలు. పెరట్లో వడియాలు గంటలో ఎండిపోయేంత ఎండ కాస్తుంటే, తడిబట్టలు తీసుకెళ్ళి కరెంటు డబ్బాలో వేసి ఆరబెడతారు. దండెం నేను కడతానంటే అక్కయ్య కంగారుపడింది. బట్టలు బయటికి కనిపించకూడదని ఆ వీధిలో రూలట. రోడ్డు మీద నడిచే మనిషి కనిపించడు. పాలడబ్బాకి కూడా కారే. కరెంటు తయారుచేసి పొట్టపోసుకునేవాణ్ణి కాబట్టి ఇదంతా చూసి నేను సంతోషించాలి. ఎందుకో గాని సంతోషం రాలేదు, అలాగని తప్పుపట్టే ధైర్యమూ రాలేదు.

వాళ్ళమ్మాయి సౌమ్యకి ఇరవై ఏళ్ళు. అక్కడే పుట్టింది, అక్కడే యూనివర్సిటీలో చదువుతోంది. తెలుగు మాట్లాడుతుంది గాని క్రియలన్నీ ఇంగ్లీషువే. పెద్దా చిన్నా అందరినీ 'నువ్వు' అంటుంది. నాకదే ముద్దుగా ఉండేది. ఒకరోజు భోజనాల దగ్గర సంగతి బయటపెట్టింది.

"మమ్మీ, నేను వాషింగ్టన్ స్టేట్‌కి డ్రైవ్ చెయ్యాలి. నెక్స్ట్ మండే కల్లా ఉండాలి అక్కడ."

విషయం ఏమిటంటే, వాళ్ళ ప్రొఫెసర్ రకరకాల చోట్ల నుంచి గాలి తెప్పించి కొలుస్తాడు. పసిఫిక్ ఒడ్డున డోరతీ అనే రిటైరైన టీచరమ్మ ప్రతి మంగళవారం రెండు బుడ్డీల గాలి పట్టి పోస్టులో పంపిస్తుంది. పదకొండేళ్ళుగా ఒక్క మంగళవారం కూడా తప్పలేదు. భర్త పోయిన వారం కూడా ఆవిడ గాలి వచ్చిందట. ఇప్పుడామెకి కంటి ఆపరేషన్. రెండు మంగళవారాలు ఎవరో ఒకరు వెళ్ళి పట్టాలి. క్లాసులో సౌమ్య చెయ్యెత్తింది.

"గాలి పట్టే ఉద్యోగం ఏమిటమ్మా? కంప్యూటర్స్ తీసుకోమంటే వినవు" అన్నారు బావగారు.

"డాడీ, ఒక్క వీక్ మిస్ అయినా అది మళ్ళీ దొరకదు. ఆ వీక్ గాలి వెళ్ళిపోతుంది. డోరతీ నన్ను ట్రస్ట్ చేసింది."

విమానంలో వెళ్ళమంటే, అక్కడ తిరగడానికి కారు కావాలంది. ఒక్కదాన్నే పంపనని అక్కయ్య. చాలాసేపు వాదించుకున్నాక ఇద్దరూ ఒకేసారి నావైపు చూశారు. డ్రైవింగ్ రాదు, దారి తెలియదు, నా ఇంగ్లీషు ఎదుటివాడికి రెండుసార్లు చెబితే గాని అర్థం కాదు. అలాంటి నేను ఆ పిల్లకి కాపలాగా బయల్దేరాను.

ఉత్తరం వైపు

గురువారం పొద్దున్నే పులిహోర, దద్దోజనం, ఆవకాయ సీసా, నాకొక దిండు పెట్టుకుని కదిలాం. టెక్సస్ దాటడానికే పగలంతా పట్టింది. అక్కడి రోడ్ల మీద కారు పోతున్నట్టు ఉండదు. మనం కూర్చునే ఉంటాం, నేలే మెల్లగా వెనక్కి వెళుతుంది. కళ్ళు తెరిస్తే గడ్డి, మూసుకుంటే గడ్డి. మధ్యలో ఆయిల్ తోడే ఇనుప యంత్రాలు, చుట్టూ మనిషి లేకుండా, తలలు ఊపుతూ ఉంటాయి. నేను వాటినే చూస్తూ నిద్రపోయి, లేచి, మళ్ళీ వాటినే చూశాను. అవి ఇంకా తలలు ఊపుతూనే ఉన్నాయి. ఎవరితో దేనికి సరే అంటున్నాయో అనిపించింది.

అక్కడ ఎవరి పెట్రోలు వాళ్ళే పోసుకుంటారు. గ్యాలను డాలరు లోపే. మా ఊళ్ళో స్కూటరున్నవాడు పెట్రోలు పోయించుకుంటూ మీటరు వంక కళ్ళార్పకుండా చూస్తాడు. ఇక్కడ ఇంజను ఆపకుండానే లోపలికి వెళ్ళి కాఫీ కొనుక్కుని కబుర్లాడి వస్తారు. ఒకచోట నేను అలవాటు కొద్దీ తాళంచెవి తిప్పి ఇంజను ఆపేశాను. సౌమ్య వచ్చి, "మావయ్యా, ఎందుకు ఆఫ్ చేశావ్? లోపల ఓవెన్‌లాగా అవుతుంది" అంది. తర్వాత స్టీరింగు పట్టుకుని కాసేపు కూర్చుంది. "ఫన్నీ కదా. గాలి మెజర్ చెయ్యడానికి నేను టూ థౌజండ్ మైల్స్ గ్యాస్ కాలుస్తున్నా" అంది. పెట్రోలుని అక్కడ గ్యాస్ అంటారు. ఆ తర్వాత ఆగినప్పుడల్లా తనే ఇంజను ఆపేది.

సాయంత్రం న్యూ మెక్సికోలో ఒక మోటెల్‌లో దిగాం. ఆఫీసు గదిలో అగరొత్తుల వాసన. నన్ను చూడగానే కౌంటరు వెనక ఉన్న పెద్దావిడ ముఖం వికసించింది. జయాబెన్, సూరత్ దగ్గరి మనిషి. నా వచ్చీరాని హిందీకి ఆవిడ గుజరాతీ హిందీ జత కలిసింది. అరగంటలో కిచిడీ, మజ్జిగపులుసు లాంటి తియ్యటి కఢీ గదికి పంపింది. బదులుగా ఆవకాయ ఇచ్చాను. ఒక ముక్క నోట్లో పెట్టుకుని, కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ, ఇంకో ముక్క అడిగింది.

"ఇక్కడివాళ్ళకి ఖాళీ గది కూడా చల్లగా ఉండాలి భాయీ" అంది. "కిటికీ తెరుస్తారు, మెషిన్ పెంచుతారు, బయటికెళ్ళిపోతారు. వాళ్ళు వెళ్ళాక నేను గది గదికీ వెళ్ళి ఆపుకుంటూ వస్తాను. ఇరవై గదులు. మోకాళ్ళు అరిగిపోయాయి."

మర్నాడు మేం వెళ్ళేటప్పుడు ఆవిడ అదే పనిమీద ఉంది. ఒక్కొక్క తలుపూ తెరిచి, లోపలికెళ్ళి, వచ్చి, మూసి, మాకు చెయ్యి ఊపి, మళ్ళీ ఇంకో తలుపు.

వయోమింగ్

ఇక్కడే నాకు బొగ్గు రైలు కనిపించింది. రోడ్డు పక్కనే చాలాసేపు మాతోపాటు వచ్చింది. నూటికి పైగా పెట్టెలు లెక్కపెట్టి వదిలేశాను. పైన నల్లగా, కుప్పగా, ఎండలో మెరుస్తూ. పరదేశంలో బంధువు ఎదురొచ్చినట్టు అయింది నాకు. కారు ఆపమన్నాను. దిగి నిలబడి చివరి పెట్టె దాకా చూశాను. సౌమ్య నన్ను వింతగా చూసింది.

మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో పక్క బల్ల దగ్గర కూర్చున్న ఆయన గోళ్ళ అంచులు చూసి గని మనిషని పోల్చుకున్నాను. ఎంత కడిగినా అది పోదు. పేరు రాయ్. ఉపరితల గనిలో పెద్ద లారీ నడుపుతాడట. నేను బాయిలర్‌వాణ్ణని చెప్పగానే లేచి వచ్చి చెయ్యి కలిపాడు.

"అయితే మేం తవ్వేది మీరు మాయం చేస్తారు" అన్నాడు.

తన బండిలోంచి ఒక బెడ్డ తెచ్చి చూపించాడు. తేలిగ్గా ఉంది. బూడిద ఎంతంటే, చాలా కొంచెం అన్నాడు. మా బొగ్గులో దాదాపు సగం మట్టే. దాన్ని కాల్చి, బూడిద ఎత్తిపోసి, గొట్టాలు అరిగిపోయి మేం పడే బాధ ఇంతా అంతా కాదు. ఇలాంటి బొగ్గు నాకొక్క ఏడాది ఇస్తే ఎలా కాల్చి చూపిస్తానో అనుకున్నాను. నిజం చెప్పాలంటే అసూయతో నోరూరింది.

రాయ్ వెళ్ళాక ఆ ఉత్సాహంలో సౌమ్యకి మా పని వివరించాను. పొగగొట్టానికి పోయే పొగని గాజుగొట్టంలోకి కాస్త లాగి, అందులో బొగ్గుపులుసు వాయువు నూటికి ఎంత ఉందో గంటగంటకీ చూస్తాం. పద్నాలుగు వస్తే శెభాష్. పదికి పడిపోతే చీవాట్లు. ఎందుకంటే అది తగ్గిందంటే బాయిలర్‌లోకి అనవసరపు గాలి దూరి వేడి వృథా అవుతోందని లెక్క. పద్నాలుగు నిలబెట్టే షిఫ్టు ఇంజనీర్‌గా నాకు పేరుంది.

సౌమ్య ఫోర్కు కింద పెట్టింది. "ఆ కార్బన్ డయాక్సైడే మావయ్యా నేను పట్టేది."

"అదే?"

"అదే. నీకు ఎక్కువ వస్తే హ్యాపీ. మాకు ఎక్కువ వస్తే భయం."

కాగితపు రుమాలు మీద గీత గీసింది. రంపపు పళ్ళలా ఉంది. వేసవిలో చెట్లన్నీ ఆకులు తొడిగి వాయువుని పీల్చుకుంటాయి, గీత దిగుతుంది. శీతాకాలం ఆకులు కుళ్ళి వదిలేస్తాయి, గీత ఎక్కుతుంది. భూమి ఏడాదికొక్కసారి ఊపిరి పీల్చి వదులుతుందన్నమాట. కాని ప్రతి ఏడూ దిగినదానికంటే కొంచెం ఎక్కువ ఎక్కుతోంది. ఆ కొంచెం మనది. బొగ్గుది, పెట్రోలుది, నరికేసిన అడవులది. ఎక్కడ వదిలినా కొన్నాళ్ళకి ప్రపంచమంతా కలిసిపోతుందట. ఆ వాయువు ఎండని లోపలికి రానిస్తుంది, వేడిని మాత్రం తేలిగ్గా బయటికి పోనివ్వదు. దుప్పటి మీద దుప్పటి కప్పుతున్నట్టు.

రసాయనం నాకు తెలియనిది కాదు. కిలో కర్బనం కాలితే మూడున్నర కిలోలకి పైగా వాయువు వస్తుందని కాగితం అక్కర్లేకుండా చెబుతాను. కాని గొట్టం నోటి దాకానే నా లెక్క. అక్కడి నుంచి అది ఎక్కడికి పోతుందని ఇరవై ఆరేళ్ళలో నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. పైకి పోతుంది, అంతే. బిల్లు తెచ్చి పెడితే అందులో అంకెలు చూస్తూ కూర్చున్నాను. కాఫీ అర డాలరు, మళ్ళీ మళ్ళీ పోస్తారు, వద్దన్నా పోస్తారు.

నది దాకా

ఐడహోలో ఆకాశం పల్చటి చారు రంగులో ఉంది. ఎక్కడో అడవులు తగలబడుతున్నాయట. సూర్యుణ్ణి నేరుగా చూడొచ్చు, నారింజపండులా ఉన్నాడు. ఆ ఏడు అక్కడ వానల్లేవు. మేం ఆగిన చోటల్లా ఎండల మాటే. ఒక పెట్రోలు బంకులో ముసలాయన తన జీవితంలో ఇలాంటి వేసవి చూడలేదన్నాడు. ఒక్క వేసవి చూసి ఏదీ చెప్పలేమని సౌమ్య ఆయనకి మర్యాదగా చెప్పింది. అందుకే ప్రతి వారం పట్టాలి, చాలా ఏళ్ళు పట్టాలి అంది. ఆయనకి అర్థమైందో లేదో గాని మాకు రెండు యాపిల్ పళ్ళిచ్చాడు.

దారిలో ఒక పెద్ద నది ఒడ్డున బల్ల మీద, ఐసు పెట్టెలో దాచిన ఆఖరి పులిహోర తింటుండగా, వరి మళ్ళలో నిలవున్న నీళ్ళలోంచి కూడా వేడిని పట్టే వాయువొకటి వస్తుందని సౌమ్య చెప్పింది.

"అన్నాన్ని కూడా వదల్లేదా తల్లీ" అన్నాను.

"నేను స్టాప్ చెయ్యమనలేదు. కౌంట్ చెయ్యాలి అంటున్నా, అంతే" అని నా పొట్లంలోంచి కూడా తినేసింది.

నది దాటాక కొండలు, కొండల మీద దేవదారులు. దుంగల లారీలు ఒకటి వెనకొకటి ఎదురొచ్చేవి. పచ్చిచెక్క వాసన కారులోకి వచ్చేది. అద్దానికి తల ఆన్చి ఆ వాసనలో నిద్రపోయాను. కలలో మా పొగగొట్టం నుంచి రంపపు పళ్ళ గీత బయటికొస్తూ, ఈ కొండల మీదుగా, ఎవరికీ కనిపించకుండా, తాపీగా పోతోంది.

సముద్రం ఒడ్డు

సోమవారం మధ్యాహ్నం చేరాం. ఊరి పేరు రాయను. జనం రావడం అక్కడివాళ్ళకి ఇష్టం లేదు. టెక్సస్ మండిపోతుంటే ఇక్కడ పొగమంచు, చలి. నేను మంకీ క్యాప్ పెట్టుకున్నాను. ఒడ్డంతా కొట్టుకొచ్చిన పెద్ద పెద్ద మొద్దులు, ఎముకల్లా తెల్లబడి ఉన్నాయి. నీళ్ళకీ ఆకాశానికీ మధ్య గీత లేదు. సగం ప్రపంచం గీసి ఆపేసినట్టు ఉంది.

డోరతీ గారికి డెబ్భై దాటి ఉంటాయి. పొట్టి మనిషి, గట్టి మనిషి. ఒక కంటికి పొర కమ్మింది, రెండోదీ అంతంత మాత్రమే. మర్నాడు పొద్దున్నే దూరపు ఆసుపత్రికి పక్కింటివాళ్ళు తీసుకెళ్తున్నారు. సాయంత్రం వెలుతురులో ఒడ్డుకి తీసుకెళ్ళి, ఖాళీ జామ్ సీసాతో సౌమ్యకి పాఠం చెప్పింది.

గాలి సముద్రం మీంచి వస్తుండాలి. వేల మైళ్ళ నీళ్ళ మీంచి, దగ్గరలో ఏ పొయ్యీ తగలకుండా వచ్చిన గాలి అది. కారు దూరంగా ఆపాలి. రెండు నిమిషాలు ఊరికే నిలబడాలి. గుండెల నిండా గాలి పీల్చి ఊపిరి బిగబట్టాలి. గాలికి ఎదురుగా పదడుగులు నడవాలి. బుడ్డీని చెయ్యి చాచి తలపైన పట్టుకుని బిరడా తిప్పాలి. అది లోపల గాలి తీసేసిన బుడ్డీ కాబట్టి బయటి గాలి ఈల వేసుకుంటూ దూరుతుంది. పది లెక్కపెట్టి మూసెయ్యాలి. వెనక్కి నడిచొచ్చాకే ఊపిరి వదలాలి. మనిషి వదిలే ఊపిరి ఒక్కటి చాలు, ఆ వారం చెడిపోవడానికి. వారానికి ఒక్క జత బుడ్డీలే వస్తాయి. ఒకసారి నిండితే ఇక్కడ ఖాళీ చేసే వీలు లేదు.

ఆరుసార్లు చేయించింది. ఆరోసారి సౌమ్య భుజం తట్టింది.

"మీరేం చేస్తారు?" అని తిరిగొచ్చే దారిలో ఆవిడ నన్నడిగింది.

"ఇంజనీర్‌ని" అన్నాను. ఏ ఇంజనీర్‌నో చెప్పలేదు. చెప్పకపోవడం అదే మొదటిసారి.

మంగళవారం

పొద్దున పదింటికి గాలి సముద్రం వైపు నుంచే వీస్తోంది. సౌమ్య ముఖం చిన్నపిల్ల పరీక్షకి వెళ్తున్నట్టు ఉంది. నన్ను కారు దగ్గరే ఉండమంది. కాసేపున్నాను. తను ఒడ్డున కళ్ళు మూసుకుని ఊపిరి సర్దుకుంటోంది. ఆ పిల్లని చూస్తుంటే నాకు గుండె నిండిపోయింది. అంత దూరం వచ్చి, ఎవరికీ కనిపించని వస్తువుని పట్టడానికి సముద్రం ముందు నిలబడింది. మొదటి పని. మంచి జరగాలి.

మా దగ్గర బాయిలర్ వెలిగించే ముందు కర్పూరం వెలిగిస్తాం. మంత్రి వచ్చినా సరే, ముందు కర్పూరం, తర్వాతే నిప్పు. అది లేకుండా నా చేత్తో ఏ కొత్త పనీ మొదలుకాలేదు. జేబులో అక్కయ్య ఇచ్చిన కర్పూరం పొట్లం ఉంది. సౌమ్యకి అడ్డం రాకూడదని మొద్దుల వెనకగా చుట్టు తిరిగి నీళ్ళ అంచు దాకా వెళ్ళాను. ఒక మొద్దు చాటున రేకు మూత పెట్టి, నాలుగు బిళ్ళలు వేసి వెలిగించాను. తనకీ నాకూ మధ్య యాభై గజాలుంటుంది. కర్పూరం కదా, ఏం చెడిపోతుంది? బూడిద కూడా మిగలదు. బొగ్గువాడికి మురికి అంటే బూడిద, మసి. అంతకుమించి నా బుర్రకి తట్టలేదు.

దణ్ణం పెట్టుకున్నాను. మంట అయిపోయింది. మూతలో ఏమీ లేదు, ఉన్నదంతా గాల్లో కలిసింది. ఏమీ మిగలని ఆ మూత వైపు చూస్తుండగా సముద్రం మీది గాలి నా ముఖానికి తగిలింది. వెనక్కి తిరిగాను. సరిగ్గా గాలి పోతున్న దారిలో, సౌమ్య రెండో బుడ్డీ తలపైకెత్తి పట్టుకుని నిలబడి ఉంది.

తను ఊపిరి బిగబట్టింది కాబట్టి వాసన తెలియలేదు. తిరిగొచ్చి నన్ను చూసి, "మావయ్యా, పర్ఫెక్ట్‌గా వచ్చాయి రెండూ" అంది. నేను మూత జేబులో పెట్టుకుని బాగుందమ్మా అన్నాను.

పోస్టాఫీసు

బుడ్డీల పెట్టె నా ఒళ్ళో ఉంది. పోస్టాఫీసు పదిహేను నిమిషాల దూరం. ఆ పదిహేను నిమిషాల్లో నేను నాకు చాలా చెప్పుకున్నాను. నాలుగు బిళ్ళల కర్పూరం, ఇంత పెద్ద సముద్రం. ఎవరికి తెలుస్తుంది? అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది. మా దగ్గర ఒక గంట రీడింగు తప్పిపోతే ముందు గంటది చూసి వేసేసిన రోజులు ఉన్నాయి. వయసులో నేనూ వేశాను. పుస్తకంలో ఖాళీ కనిపించకూడదు, అదీ మా భయం.

సౌమ్య ఏదో కూనిరాగం తీస్తోంది. ఇర్వింగ్ వదిలాక తను పాడడం అదే మొదటిసారి.

పోస్టాఫీసు ముందు కారు ఆపి పెట్టె కోసం చెయ్యి చాచింది. నేను ఇవ్వలేకపోయాను. చెప్పేశాను.

ఆ పిల్ల అరవలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని అద్దంలోంచి రోడ్డు వైపు చూసింది.

"ఎందుకు చేశావ్?" అంది.

"నీకు మంచి జరగాలని."

అది విన్నాక ఏడ్చింది. నాకు ఏం చెయ్యాలో తెలియక పెట్టె అలాగే పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ముక్కు తుడుచుకుని, పెట్టెలోంచి కాగితం తీసింది. తేదీ, వేళ, గాలి దిక్కు అన్నీ అప్పటికే రాసి ఉన్నాయి. కింద రిమార్కుల గడిలో మూడు ముక్కలు రాసి నాకు చదివి వినిపించింది. గాలి వచ్చే వైపున మనిషి, నిప్పు. ఈ జత వాడవద్దు.

"పదకొండేళ్ళు మావయ్యా" అంది. "నేను ఫస్ట్ వీక్‌లోనే బ్రేక్ చేశాను."

నువ్వు కాదు, నేను అన్నాను. కాగితం మీద సంతకం మాత్రం తనదే.

డోరతీ గారి ఇల్లు

శుక్రవారం ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చింది. ఆ మూడు రోజులూ సౌమ్య నాతో ముక్తసరిగానే మాట్లాడింది. మేం దిగిన అద్దె గదిలో వంట చేసి పెట్టేది, మ్యాపు చూసుకునేది. ఒడ్డున ఒక్కతే ఖాళీ సీసాతో అభ్యాసం చేసేది, వచ్చే మంగళవారానికి. నేను దూరం నుంచి చూసేవాణ్ణి. ఏ వైపు గాలి వీస్తోందో చూసుకుని మరీ నిలబడేవాణ్ణి. మంచులో ఒకసారి కనిపించేది, ఒకసారి కనిపించేది కాదు.

డోరతీ గారి ఇంటికి వెళ్ళేటప్పుడు, నేనే చెబుతానని సౌమ్యని బతిమాలాను. ఆవిడ కిటికీ పక్క కుర్చీలో కూర్చుంది. ఒక కంటికి తెల్లటి కట్టు. బల్ల మీద పదకొండేళ్ళ కాగితాల నకళ్ళు, దారంతో కుట్టిన కట్టలు. టీ ఇచ్చింది, పాలు విడిగా, అక్కడి పద్ధతి. నా ఇంగ్లీషు ఎంత వంకరగా ఉన్నా ఆ రోజు ఒక్క మాట కూడా రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. మొత్తం విన్నది.

ఆ కట్టల మీద చెయ్యి వేసి, వేళ్ళతో అంచులు సర్దింది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండుననిపించింది.

"నాకు బాధగా ఉంది" అంది చివరికి. "బాధగా లేదని చెప్పలేను. మా ఆయన్ని పూడ్చిన మర్నాడు కూడా వెళ్ళాను నేను."

తల వంచుకున్నాను.

"నిన్ను అనడం లేదమ్మా" అని సౌమ్య చెయ్యి పట్టుకుంది. "నువ్వు రాయాల్సింది రాశావు. రాయకుండా ఉంటే ఈ కట్టలన్నీ దండగ అయ్యేవి." తర్వాత కట్టు లేని కన్ను నావైపు తిప్పింది. "ఇంజనీర్‌నన్నారు. ఏ ఇంజనీరు?"

ఈసారి చెప్పాను. బొగ్గు, బాయిలరు, ఇరవై ఆరేళ్ళు. పద్నాలుగు నిలబెట్టేవాణ్ణని కూడా చెప్పాను, ఎందుకో దాచాలనిపించలేదు.

ఆవిడ మనసులో ఏదో లెక్క వేసుకుంది. "అయితే మొదటి మంగళవారం నుంచీ మీరు నా బుడ్డీల్లో ఉన్నారు."

"డోరతీ" అంది సౌమ్య, ఆపుతున్నట్టు.

"తప్పుపట్టడం లేదమ్మా. నేనూ ఉన్నాను, ఒడ్డు దాకా కారులోనే వెళ్ళేదాన్నిగా. మా వీధంతా ఉంది. దుంగల లారీలవాళ్ళున్నారు. నేను ముఖం చూడని వాళ్ళెంతమంది ఉన్నారో." టీ కప్పు రెండు చేతులతో పట్టుకుని, చల్లారిపోయిందని తెలిసి కూడా ఒక గుక్క తాగింది. "ఇంతమందిలో, అది నేనేనని ఇంటికొచ్చి చెప్పింది మీరొక్కరే."